ముప్ఫై అడుగుల రోడ్డు

ఆ ఆదివారం పొద్దున కళ్ళద్దాలాయనా, ఆయన భార్యా పెట్టుకున్న పని చాలా చిన్నది. కొనబోయే ఇంటికి వెళ్ళాలి, తమ బీరువా ఆ గుమ్మంలోంచి లోపలికి పడుతుందో లేదో చూసుకోవాలి, వచ్చేటప్పుడు ఎక్కడైనా కాఫీ తాగి భోజనాల వేళకి ఇల్లు చేరాలి. అంతే.

కళ్ళద్దాలాయనకి బజారు మలుపులో ఓ చిన్న షాపుంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి "ఇది స్పష్టంగా ఉందా? పోనీ ఇది?" అని రోజంతా అడగడం వృత్తి కావడం వల్లనో ఏమో, సొంత వ్యవహారాల్లో ఆయనకి ఏదీ ఓ పట్టాన స్పష్టంగా కనిపించేది కాదు. ఇల్లు కొనాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఒక ఇంటికి వారసులు ఎక్కువయ్యారు, ఇంకో ఇంటికి కిటికీలు తక్కువయ్యాయి. మూడోది అన్నివిధాలా బాగుంది గానీ దాన్ని అప్పటికే ఇద్దరికి అమ్మేశారు. ఆఖరికి ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఓ నర్సమ్మ ఇల్లు దొరికింది. మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కలేక, ఆవిడ తన చెల్లెలి ఇంటి పక్కన ఓ చిన్న ఫ్లాటు మాట్లాడుకుంది. ఈ ఇంటి డబ్బు చేతికొస్తేనే ఆ ఫ్లాటు ఆవిడది. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ అని అగ్రిమెంటు రాసుకున్నారు, అడ్వాన్సు ఇచ్చేశారు. బ్యాంకు లోను కూడా దాదాపు వచ్చినట్టే. బ్యాంకు మనిషి వచ్చి ఇంటికి విలువ కట్టాలి, బ్యాంకు వకీలు కాగితాలు చూసి సరేననాలి. మిగిలింది అదొక్కటే.

ఇంటికి తాళం వేస్తుండగా వచ్చారు మామగారు. నెత్తిన టోపీ, చంకలో ఫైలు, నడుముకి పెద్ద ఇనుప టేపు, జేబులో ఎర్ర సుద్ద. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. శాఖ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన మాత్రం శాఖని వదల్లేదు.

"బీరువా కొలవడానికి ఇద్దరు బయల్దేరారా? ఇల్లు కొనేవాడు కొలవాల్సింది బీరువా కాదు అల్లుడూ, రోడ్డు! దస్తావేజులో ఏం రాశారు?"

"తూర్పు హద్దు ముప్ఫై అడుగుల రోడ్డు అని రాశారు మామయ్యగారూ."

"రాశారు సరే. రాసినవాడు కొలిచాడా?"

కళ్ళద్దాలాయన ఇన్నేళ్ళుగా రాత్రీ పగలూ అనుమానించినవాడు, రోడ్డుని మాత్రం అనుమానించడం మర్చిపోయాడు.

"నాన్నా, ఆ రోడ్డు మీద బస్సులు తిప్పుతామా మనం?" అంది టీచరమ్మ. ఆవిడ చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెబుతుంది. ఒకే మాటని ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెప్పగలదు గానీ తండ్రి దగ్గర ఆ ఓపిక రెండోసారికే అయిపోతుంది.

"నువ్వు బీరువా చూసుకో. నా పని నేను చూసుకుంటాను" అని మామగారు ముందు నడిచారు.

అలా మొగుడూ పెళ్ళాం లోపల నర్సమ్మతో కలిసి గుమ్మం కొలుస్తుంటే, మామగారు బయట వీధి కొలవడం మొదలెట్టారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. మూల మీదున్న సెలూన్లోంచి ఓ పెద్దమనిషి సగం గడ్డానికి నురగతో కుతూహలంగా బయటికి తొంగి చూశాడు. "ఇది పట్టుకోండి" అన్నారు మామగారు. ఆ గొంతుకి ఆయన మారుమాట లేకుండా పట్టుకున్నాడు.

రోడ్డు ముప్ఫై లేదు. ఇరవై ఏడే ఉంది. మామగారికి ఒళ్ళు పులకరించింది. ఉద్యోగంలో ఉండగా కిలోకి తక్కువ తూగిన కందిపప్పు పట్టుకున్న రోజుల తర్వాత ఆయనకి ఇంతటి సంతోషం దొరకలేదు. ఇంకో చోట కొలిస్తే ఇరవై ఎనిమిది. మరో చోట ఇరవై ఏడున్నర. మర్చిపోకుండా ప్రతి గేటు స్తంభం మీదా ఎర్ర సుద్దతో ఒక తిన్నని గీత గీసి, పక్కనే అంకె వేసి, బాణం గుర్తు పెట్టుకుంటూ పోయారు.

సెలూనాయన గడ్డం గీసే కత్తి చేత్తోనే బయటికొచ్చాడు. "సార్, మీరు గవర్నమెంటా అండీ?"

"ముప్ఫై రెండేళ్ళు!" అన్నారు మామగారు గర్వంగా.

జవాబులో అబద్ధమేమీ లేదు. భూతకాలం ఒక్కటే లోపించింది.

ఇంతలో ఎదురింటాయన బనీనుతో పరుగెత్తుకొచ్చాడు. ఈయన పోయినేడే ముచ్చటపడి ఇంటి ముందు మూడు పాలరాతి మెట్లు కట్టించుకున్నాడు. ఆ మెట్లు చల్లగా రోడ్డు మీదకి వచ్చి కూర్చున్నాయి. అప్పటినుంచీ వీధిలో అందరూ ఆయన్ని మెట్లాయన అనే పిలుస్తారు. గేటు స్తంభం మీద ఎర్ర బాణం చూడగానే ఆయనకి ముచ్చెమటలు పోశాయి.

"ఎంతవరకు పోతుందండీ?" అన్నాడు నీరసంగా.

టేపు ఎంతవరకు పోతుందని అడుగుతున్నాడనుకున్నారు మామగారు. "మీ మెట్లు మూడూ ఇందులోకే వస్తాయి."

"మూడూనా!"

"అవి మీవి కావండీ. రోడ్డువి."

"ఎప్పటిలోగా అంటారు?"

మామగారు వాచీ చూసుకున్నారు. లోపల బీరువా పని అయిపోవచ్చి ఉంటుంది. "ఎంతసేపు! ఇవాళే అయిపోతుంది."

మెట్లాయన ఆ మెట్ల మీదే కూలబడ్డాడు. ఎవరో మామగారికి కుర్చీ వేశారు. ఇంకెవరో నిమ్మరసం తెచ్చారు. ఈ వీధి జనానికి ఎంత మర్యాదో అనుకుంటూ ఆయన రెండు గ్లాసులు తాగారు.

బీరువా తలుపులు ఊడదీస్తే లోపలికి పడుతుందని తేలింది. అందరూ సంతోషంగా ఇంటికెళ్ళారు.

తిరుగులేని నిజం నిలకడ మీద తెలుస్తుంది గానీ పుకారుకి అంత ఓపిక ఉండదు. వీధి వెడల్పు చేస్తారన్న మాట సాయంత్రానికి ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. మర్నాటికి ముందుగదులన్నీ పోతాయన్నారు. ఆ మర్నాటికి నష్టపరిహారం కూడా ఇవ్వరన్నారు. అధికారులు వచ్చి పగలగొడితే కూలి డబ్బులు కూడా మననే కట్టమంటారని ఎవరో అనేసరికి, మెట్లాయన తనే కూలీని పెట్టి, కళ్ళు మూసుకుని, పాలరాతి మెట్లు మూడూ తీయించేశాడు. ఆయన్ని చూసి లాండ్రీవాళ్ళు ఇస్త్రీ బల్ల లోపలికి లాక్కున్నారు. సెలూనాయన ముందుకి దింపుకున్న రేకులు పీకేశాడు. తర్వాత అందరూ కలిసి, రోడ్డు వెడల్పు చెయ్యొద్దు మహాప్రభో అని మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చారు.

బుధవారం నర్సమ్మ ఫోన్ చేసింది.

"బాబూ, మా వీధి వెడల్పు చేస్తారటయ్యా. ఎవరో పెద్దాఫీసరు స్వయంగా వచ్చి కొలుచుకుపోయాడట. ముందుగది పోతుందంటున్నారు. నాకు ముందే తెలిస్తే నీకు చెప్పకుండా ఉండేదాన్ని కాదు. ఒట్టు. నీ అడ్వాన్సు నీకు ఇచ్చేస్తాను, నా ఫ్లాటు సంగతి దేవుడున్నాడు."

కళ్ళద్దాలాయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "మేం ఆదివారం వచ్చాం కదమ్మా. ఎవరూ కనబడలేదే!"

"ఆదివారమేనట బాబూ. మనం గుమ్మం కొలుస్తున్నప్పుడే వచ్చుంటాడు."

మామగారికి చెబితే ఆయన తొడ చరిచారు. "నేను చెప్పలా! రోడ్డు తక్కువుందని నేను కనిపెట్టిన రోజే వాళ్ళూ కనిపెట్టారు. ఎవడో గానీ పనిమంతుడు!"

మర్నాడు బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. లోన్ మేడమ్ ముఖంలో విచారం కనిపించింది. విలువ కట్టే మనిషి వెళ్ళొచ్చాడు, వీధి నిండా ఫోటోలు తీశాడు. బ్యాంకు వకీలు ఆ ఫోటోలు చూసి, రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఏదీ లేదని మునిసిపల్ ఆఫీసు నుంచి కాగితం తెస్తే తప్ప లోను ఇవ్వకూడదని రాసేశాడు.

"చూడండి, ప్రతి స్తంభం మీదా గుర్తులే" అని ఆవిడ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది.

కళ్ళద్దాలాయన చూశాడు. టీచరమ్మ కూడా చూసింది. గేటు స్తంభం, ఎర్ర గీత, బాణం, పక్కన ఇరవై ఏడు అంకె. ఆ ఏడుకి నడుం దగ్గర బెల్టు పెట్టినట్టు అడ్డగీత. టీచరమ్మకి చిన్నప్పుడు లెక్కలు నేర్పింది ఆ ఏడే.

"ఏవండీ" అంది మెల్లిగా. "ఆ పెద్దాఫీసరు మా నాన్న."

ఇంటికొచ్చాక తండ్రిని పిలిపించి, బ్యాంకులో తన ఫోన్లోకి తీసుకున్న ఫోటో చూపించింది. "ఇది ఎవరి ఏడు నాన్నా?"

మామగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "నేను కొలిచాను. కొలవడం నేరం కాదు."

"నువ్వెవరని ఎవరైనా అడిగారా?"

"అడిగారు. నిజమే చెప్పాను."

"ఎంత నిజం చెప్పావు?"

మామగారు ఫైలు చంకలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. అటు తిరిగే, "ఆ నర్సమ్మ ఫ్లాటు కూడా పోతుందా?" అని అడిగారు. పోవచ్చని కూతురు చెప్పింది. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన వల్ల ఎవరికీ గింజంత నష్టం జరగలేదన్నదే ఆయన గొప్ప. ఆ గొప్ప ఇప్పుడు తూకానికి నిలబడేలా లేదు.

మర్నాడు పొద్దున్నే అల్లుడూ మామా మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళారు. గుమాస్తా చాలా మంచివాడు. అడగ్గానే చెప్పేశాడు.

"ఆ వీధి వెడల్పు చేసే ప్లాను ఏదీ లేదండీ."

"అమ్మయ్య! అదే ఓ కాగితం మీద రాసివ్వండి" అన్నాడు కళ్ళద్దాలాయన.

"రాసివ్వలేను. ఫైలుంది."

"ప్లాను లేదన్నారుగా?"

"ప్లాను లేదు. ఫైలుంది. వెడల్పు చెయ్యొద్దని వీధి వీధంతా అర్జీ పెట్టుకుంది. అర్జీ వస్తే ఫైలు తెరవాలి. ఫైలు తెరిస్తే విషయం పరిశీలనలో ఉన్నట్టు. పరిశీలనలో ఉన్నదాన్ని లేదని ఎలా రాయమంటారు?"

"వాళ్ళూ వద్దంటున్నారు, మీకూ అక్కర్లేదు. ఇంక పరిశీలించడానికి ఏముందండీ?"

"అదే పరిశీలించాలి" అన్నాడు గుమాస్తా. తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పొద్దూ, అర్జీ చాలా బాగా రాశారు. చదివాక నాకే అనిపించింది, ఆ రోడ్డు కాస్త వెడల్పు చేస్తే బావుంటుందేమో అని" అన్నాడు.

మామగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఫైలు మూయాలంటే దారి ఒకటే ఉందన్నాడు గుమాస్తా. అర్జీ పెట్టినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఒకరిద్దరు కాదు, అందరూ.

శనివారం సాయంత్రం నర్సమ్మ ముందుగదిలో వీధంతా చేరింది. కుర్చీలు చాలక సెలూనాయన తన షాపులో బెంచీలు మోసుకొచ్చాడు. దారిలో మామగారిని చూసిన మెట్లాయన వంగి నమస్కారం పెట్టాడు. మెట్లు లేని గుమ్మంలోంచి ఆయన ఓ ఎత్తుపీట మీద కాలుపెట్టి దిగాల్సి వచ్చింది. అది చూసి మామగారి ముఖం ఇంకాస్త చిన్నబోయింది.

మామగారి చేత ఈ మాట చెప్పించకూడదని కళ్ళద్దాలాయన దారిపొడవునా ఆలోచించుకుంటూ వచ్చాడు. పెద్దాయన, పరువు గలవాడు, అదీగాక రేపు కూతురింటికి వస్తూ పోతూ వీళ్ళ మధ్యే తిరగాలి. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఆ గీతలు గీసింది ఆఫీసువాళ్ళు కాదండీ. ఇల్లు కొనే ముందు సరదాగా కొలుచుకుందామని నేనే గీశాను. నన్ను క్షమించండి" అన్నాడు.

టీచరమ్మ మొగుడి వంక చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్క మాట ఇంత స్పష్టంగా చెప్పడం ఆవిడ వినలేదు.

తన గీతలు ఇంకొకరివి కావడం మామగారు ఒక్క క్షణం ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఓర్చుకోలేకపోయారు.

"అబద్ధం!" అని లేచారు. "మా అల్లుడికి స్కేలు పెట్టి గీసినా గీత తిన్నగా రాదు. వెళ్ళి ఆ గీతలు చూడండి, తాడు పట్టి గీసినట్టు ఉన్నాయా లేవా? అవి నావి! ఆ బాణాలూ నావే!"

"మరి మీరు గవర్నమెంటన్నారు కదండీ?" అన్నాడు సెలూనాయన.

"అది అప్పట్లో."

కథ ఇక్కడితో కంచికి చేరాల్సింది. కానీ మెట్లాయన తల అడ్డంగా ఊపాడు. "నేను నమ్మను" అన్నాడు. ఉత్తపుణ్యానికి మెట్లు పగలగొట్టుకున్నానని ఒప్పుకోవడం కంటే, రోడ్డు వచ్చి తీరుతుందని నమ్మడమే ఆయన ప్రాణానికి తేలిగ్గా ఉంది. "ఇంత నికరంగా కొలిచింది ఆఫీసువాడు కాదంటే చెవిలో పువ్వు పెట్టుకున్నామా? మన చేత అర్జీ వెనక్కి తీయించడానికి వీళ్ళని ఆఫీసే పంపించుంటుంది."

"నిన్న వీళ్ళిద్దర్నీ మునిసిపల్ ఆఫీసులో చూశాను. గుమాస్తాతో గుసగుసలాడుతున్నారు" అని వెనకనుంచి ఎవరో అందించారు.

మామగారికి కోపమొచ్చింది. తను రిటైరైనట్టు రుజువు చెయ్యడానికి జేబులోంచి పెన్షన్ కార్డు తీసి చూపించారు. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉండేసరికి, అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా నిర్ధారణకొచ్చేశారు.

"మేం ఇల్లు కొంటున్నామండీ!" అన్నాడు కళ్ళద్దాలాయన దీనంగా. "రోడ్డు నిజంగా వచ్చేదైతే ఎవరైనా కొంటారా?"

"ఇంకా కొనలేదుగా" అన్నాడు మెట్లాయన. "మేం అర్జీ వెనక్కి తీసుకున్నాక మీరు మెల్లిగా జారుకుంటారు. కొన్నా మీకేం? రోడ్డొస్తే పోయేది ఈ ముందుగది. ఇందులో ఎవరుంటారు? మీ బీరువా!"

"ముందుగదిలో నేనుంటాను" అన్నారు మామగారు.

టీచరమ్మ చప్పున తలెత్తింది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆవిడ తండ్రిని తమతో వచ్చి ఉండమని బతిమాలుతూనే ఉంది. కూతురింట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే రకాన్ని కాదని ఆయన ప్రతిసారీ విసుక్కునేవారు. ఎక్కడో అద్దెగదిలో ఒక్కడే కప్పు బియ్యం కొలిచి వండుకుంటూ, బాగానే ఉన్నానని ఫోన్లో గట్టిగా చెబుతూ నెట్టుకొస్తున్నారు.

"నా మంచం ఈ కిటికీ కింద వేయించండి" అన్నారాయన కిటికీ దగ్గరికి నడిచి. "రోడ్డంటూ వస్తే ముందు నా మీద నుంచే పోవాలి. కొలిచింది నేను. నా కొలత మీద నేనే పడుకుంటానంటున్నాను. ఇంతకంటే ఏం కావాలి మీకు?"

నర్సమ్మ కళ్ళొత్తుకుంది. సెలూనాయన ముందుగా లేచాడు. "పెద్దాయన తలకాయ పూచీ పెడుతున్నాడు. నేను సంతకం పెడతాను" అన్నాడు.

టీచరమ్మకి ఏడుపొస్తోంది. అయినా చిన్నపిల్లలతో వేగిన అనుభవం ఊరికే పోలేదు. కళ్ళు తుడుచుకుంటూనే కాగితమూ కలమూ తీసి, ఎవరి మనసూ మారేలోపు అందర్నీ వరసలో నిలబెట్టేసింది. చివరికి మెట్లాయన ఒక్కడు మిగిలాడు.

"మరి నా మెట్లో?"

"దగ్గరుండి నేను కట్టిస్తాను" అన్నారు మామగారు. "నా ఖర్చుతో. కాకపోతే మీ స్థలంలో."

మెట్లాయన కాసేపు మీసం దువ్వుకుని, "పాలరాయేనా?" అని అడిగి, సంతకం పెట్టాడు.

సోమవారం ఫైలు మూతబడింది. గుమాస్తా కాస్త బెంగగానే కాగితం రాసిచ్చాడు. విలువ కట్టే మనిషి మళ్ళీ వెళ్ళి కొలిస్తే, మెట్లూ రేకులూ బల్లలూ అన్నీ పోయి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిక్కచ్చిగా ముప్ఫై అడుగులుంది. దస్తావేజు రాసిన నాటినుంచీ ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి. వీధి విశాలంగా ఉందని ఆయన ఇంటి విలువ ముందుకంటే పెంచి రాశాడు. ఆ సంగతి విని మామగారు, తూకం ఎవరికి తగ్గినా తప్పేనని, పెరిగినదాంట్లో సగం నర్సమ్మకి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టారు. నర్సమ్మ నవ్వేసింది.

"రోడ్డు బాగుపడిందని డబ్బెందుకన్నయ్యా నాకు? మోకాళ్ళు బాగుపడే మార్గముంటే చెప్పండి" అంది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. ఆ సాయంత్రమే మామగారి మంచం, ఒక పెట్టె, ఒక పాత త్రాసు ముందుగదిలోకి దిగాయి. వారం తిరక్కుండా వీధిలో పాలు పోసేవాడు కొలత సరిచేసుకున్నాడు. పండ్లమ్మేవాడు రాళ్ళు మార్చాడు. మెట్లాయన తన కొత్త మెట్ల మీద కూర్చుని రోజూ సాయంత్రం మామగారితో కబుర్లు చెబుతున్నాడు. కూతురికి ఎన్నాళ్ళ దిగులో తీరింది. ఎన్నడూ లేనిది కళ్ళద్దాలాయన కూడా షాపు కాస్త పెందలాడే కట్టేసి ఇంటికొస్తున్నాడు. ఆయన వచ్చేసరికి మామగారు కాఫీలో పంచదార చెంచా అంచుకి సమంగా గీసి వేసి, కలిపి ఉంచుతారు. ఇవాళ షాపులో ఎన్ని కళ్ళజోళ్ళు అమ్మాడు, ఎందుకు అన్నే అమ్మాడు, ఇంటి కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది, ఆ గోడ మేకు ఎందుకు వంకరగా కొట్టాడు అని వరసగా అడుగుతారు.

బ్యాంకు లోను ఇరవై ఏళ్ళలో తీరిపోతుందని కళ్ళద్దాలాయన దగ్గర రాతపూర్వకమైన హామీ ఉంది. మామగారి విషయంలో మాత్రం అలాంటి గడువేదీ రాసుకోలేదు.